వెర్నా మూలలో ఇద్దరు తక్కువ

వెర్నా క్రూగర్ మూలలో ఇద్దరు తక్కువయ్యారు.

మైకు ముందు నిలబడ్డ జిల్లా పార్టీ చైర్మన్ డ్వైట్ ఆ మాట రెండోసారి కూడా చెప్పాడు. గవర్నర్ ప్రాథర్ పక్షాన వెర్నా వెంట నిలబడ్డవాళ్లు కావలసినంత మంది లేరు కాబట్టి ఆ మూల చెల్లదు. పావుగంటలోగా వాళ్లు మరో అభ్యర్థి మూలలోకి మారాలి, లేదా కోట్లు తొడుక్కుని ఇంటికి పోవాలి. అధ్యక్ష పదవికి పార్టీ తరఫున ఎవరు నిలబడాలో తేల్చే సభ జరుగుతున్న స్కూలు జిమ్ ఒక్కసారిగా గోలగోలగా మారింది. బయట మంచు కురుస్తూనే ఉంది.

ఎదురు మూలలో ఆర్లిస్ మెడ తిప్పి మనుషుల్ని అంచనా వేసుకుంది. ఈ ఊళ్లో సెనెటర్ హేల్ తరఫున జనాన్ని కూడగట్టింది ఆమే. మూడో అభ్యర్థి, టీవీ కుబేరుడు స్ట్రౌడ్ మూల హేల్ మూల కన్నా కాస్త పెద్దదిగా ఉంది. వెర్నా మనుషులు ఇటు వస్తే ఊరు హేల్‌ది. రాకపోతే స్ట్రౌడ్‌ది.

వేరే ఏ ఏడాదైనా ఇది సమస్యే కాదు. ప్రాథర్‌ని మెచ్చినవాళ్ల రెండో ఇష్టం ఎప్పుడూ హేలే. కానీ శనివారం ఊళ్లో ప్రతి ఇంటికీ ఒక ఫోన్ వచ్చింది. ముందే రికార్డు చేసిన గొంతు. ప్రాథర్ కొడుకు మత్తుమందులు మానిపించే కేంద్రంలో ఉన్నాడనీ, సొంత ఇల్లు చక్కబెట్టుకోలేని మనిషి దేశాన్నేం చక్కబెడుతుందనీ చెప్పింది. ఎవరు చేయించారో చెప్పలేదు. హేల్ మనుషులేనని ఊరంతా అనుకుంది.

ఇంకో రాష్ట్రంలో అయితే అలాంటి ఫోన్ చేసేసి, చాటున ఓట్లు పడ్డాక గెలిచి వెళ్లిపోవచ్చు. అయోవాలో బ్యాలెట్ పెట్టె లేదు; అందరి ముందూ నచ్చిన అభ్యర్థి మూలలో నిలబడటమే ఓటు. బురద చల్లినవాళ్లే, ఆ బురద ఇంకా ఆరకముందే, జిమ్ దాటి వెళ్లి పొరుగువాళ్లని మా మూలకు రండి అని పిలవాలి.

ఆర్లిస్ నడిచింది. మధ్యలో రెండు బల్లలున్నాయి. ఒకదాని మీద ఆమె చేసిన దాల్చినచెక్క తీపి రోల్స్, ఇంకోదాని మీద వెర్నా వండిన చిల్లీ, అంటే మాంసం, చిక్కుడు గింజల కూర. ఈ ఊళ్లో ఆ రెండూ ఒకే పళ్లెంలో పెట్టుకుని తింటారు. వాళ్లిద్దరూ కలిసి పార్టీ పని మొదలుపెట్టినప్పటి నుంచీ బల్ల ఒకటే ఉండేది. ఈసారి వెర్నా తన బల్ల తానే మోసుకొచ్చింది. ఆ మూలలో ఎవరి పళ్లెంలోనూ రోల్ లేదు.

"ఏంటే, రోల్సు మిగిలిపోయాయా?" అంది వెర్నా.

ఆర్లిస్ నవ్వబోయి మానుకుంది. స్ట్రౌడ్‌కి ఊరు పోతే మనిద్దరికీ సిగ్గు కాదా అని అడిగింది. వెర్నా వెనక నిలబడ్డ ముసలి రైతు లాయిడ్ అందుకున్నాడు. "మా ఆవిడ ఆ ఫోన్ విన్నాక అసలు రానంది. మా మేనకోడలూ రాలేదు. ఆ ఇద్దరూ వచ్చుంటే నీతో మాట్లాడే ఖర్మ మాకు ఉండేది కాదమ్మా."

వెర్నా చెయ్యెత్తి అతన్ని ఆపింది. "నాకు ఒక్క పేరు చెప్పు ఆర్లిస్. ఆ ఫోన్ వెనక ఎవరున్నారో అందరికీ వినపడేలా చెప్పు. వీళ్లందర్నీ నేనే నడిపించుకొచ్చి నీ మూలలో నిలబెడతా. చెప్పకపోతే నవంబర్లో అసలు ఎన్నికకి ఓటడగడానికి కూడా మా గడప తొక్కకు."

తనకు తెలియదని ఆర్లిస్ చెప్పింది. అది నిజం. ఆమె ఆ ఫోన్ వినలేదు కూడా. ఆ రోజు ఆమె చర్చి పని మీద వెళ్లగా, ఇంట్లో ఉన్న భర్త డ్వైట్ ఆన్సరింగ్ మెషీన్‌లో అది విని చెరిపేశాడు. అలాంటి చెత్త నీ చెవిన పడకూడదన్నాడు. ఎంత మంచివాడు అనుకుంది.

వెర్నా తన ఫోన్ తీసి ఆమె చెవి దగ్గర పెట్టింది. ఆర్లిస్ విన్నది. ఇల్లూ దేశమూ అయ్యాక చివర్లో ఆ గొంతు ఎగతాళిగా అంది: గవర్నర్ గారి అబ్బాయి సరస్సు పక్కన కూర్చుని పిచ్చుకలకి గూళ్లు చేసుకుంటున్నాడు.

ఆ చివరి మాట ఆర్లిస్ మళ్లీ వినిపించమంది.

అక్టోబర్లో ప్రాథర్ వెర్నా ఇంట్లో భోంచేసింది. గిన్నెలు కడిగే వేళ వంటగదిలోకి వచ్చి, కొడుకు చెక్కతో చేసిన గూడు ఫొటో చూపించింది. చూపిస్తూనే ఏడ్చింది. ఈ సంగతి ఈ గది దాటనివ్వకండి అంది. పత్రికల వాళ్లకి కొడుకు మాటే తెలియని రోజులవి. ఇక గూళ్ల మాట ఎవరికి తెలుసు? ఆ గదిలో గిన్నెలు తోముతున్నది వెర్నా, కడుగుతున్నది ఆర్లిస్.

"నేను ఎవరికీ చెప్పలేదు," అంది వెర్నా. "నువ్వే చెప్పుంటావని రెండు రోజుల్నుంచి నిద్రపోలేదే నేను."

ఆ రోజు తడి పళ్లేలు తుడుస్తున్నది డ్వైట్. ప్రాథర్ ఏడుపు ఆగేదాకా ఒకే పళ్లెం తుడుస్తూ తలొంచుకుని నిలబడ్డాడు. ఆ మర్యాదకి ఆ రోజు ఆర్లిస్ మురిసిపోయింది. వెర్నాకి ఇప్పటికీ అతని మీద అనుమానం రాలేదు. ఎందుకొస్తుంది? జిల్లా పార్టీ చైర్మన్ ఏ మూలలోనూ నిలబడడు. విడిపోయినవాళ్లని ప్రతి వసంతంలో పిలిచి, ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టి పాన్‌కేకులు పెట్టేది అతనే.

ఆర్లిస్ మైకు దగ్గరికి వెళ్లింది. "మెషీన్‌లో ఫోన్ ఎందుకు చెరిపావు?"

"ఇప్పుడా, ఆర్లీ?"

"ఇప్పుడే."

డ్వైట్ మైకుని అరచేత్తో మూశాడు. దాచడానికి ప్రయత్నించలేదు. అదే ఆమెని ఎక్కువ బాధపెట్టింది. పోయినసారి పోట్లాట ఎండాకాలం దాకా సాగింది, అలిగినవాళ్లు నవంబర్లో ఇళ్లల్లోనే ఉండిపోయారు, పిడికెడు ఓట్లతో ఓడిపోయాం, నీకు గుర్తులేదా అన్నాడు. ప్రాథర్ ఎలాగూ గెలవదనీ, హేల్ ఆఫీసు వాళ్లు అడిగితే ఒక్క సంగతి చెప్పాననీ అన్నాడు. "ఒక్క దెబ్బ గట్టిగా తగిలితే తొందరగా తప్పుకుంటుందనుకున్నా. మళ్లీ అందరం ఒకటవుతామనుకున్నా. కుర్రాడి పేరు వాడొద్దని వాళ్లకి గట్టిగా చెప్పాను."

"పేరు వాడలేదులే," అంది ఆర్లిస్. "గూడు వాడారు."

అతను గడ్డంతో తలుపు వైపు చూపించాడు. హేల్ జీతమిచ్చి పంపిన బ్రిన్ అక్కడ ఉంది. ముసలివాళ్లు జారిపడకుండా, బూట్లతో వచ్చిన మంచునీళ్లు తుడుస్తోంది. "ఆ అమ్మాయి పొద్దున్నే ప్రచారానికి ఒహాయో వెళ్లిపోతుంది. ఆ పిల్ల పేరు చెప్పు. హేల్ ఆఫీసే చేయించింది కదా, పూర్తిగా అబద్ధం కూడా కాదు. వెర్నా నమ్ముతుంది. నీ హేల్ గెలుస్తాడు. మనం ఇంటికి పోదాం."

వెర్నా నిజంగానే నమ్మేది. ఆ ఫోన్ సంగతి అడిగినప్పుడు తనకేమీ తెలియదని ఏడ్చిన బ్రిన్ ఇంకోసారి ఏడ్చి బస్సెక్కేది. వచ్చే అక్టోబర్లో ఎవరో ఒకరు భోజనానికి వస్తారు, వెర్నా తోముతుంది, ఆర్లిస్ కడుగుతుంది, డ్వైట్ పళ్లెం తుడుస్తాడు. ఆ పళ్లేన్ని అతని చేతికి తాను ఎలా అందిస్తుంది? మెషీన్ చెరిపిన రోజే ఎందుకు చెరిపావని అడిగి ఉంటే బాగుండేది. అప్పుడైతే వంటగదిలో ఇద్దరి మధ్యే తేలిపోయేది.

పావుగంట అయిందని గంట మోగించే సమయం దగ్గరపడింది. వెర్నా మూలలో కొందరు కోట్లు తొడుక్కుంటున్నారు. లాయిడ్ టోపీ పెట్టుకున్నాడు. వెర్నా మాత్రం కదలకుండా ఇటే చూస్తోంది.

ఆర్లిస్ మైకు మీది నుంచి భర్త చేతిని తీసింది. అతను గింజుకోలేదు. ఆ వేళ్లని ఆమె ఒక క్షణం ఎక్కువే పట్టుకుంది.

"వెర్నా, నువ్వు పేరు అడిగావు." ఆమె గొంతు జిమ్ నలుమూలలా వినిపించింది. గోల ఆగింది. "బ్రిన్ కాదు. ఆ ఫోన్‌లో మాటలు మీ వంటగదిలోంచి మోసుకెళ్లి హేల్ వాళ్లకిచ్చింది మన చైర్మన్. మా ఆయన, డ్వైట్ ఫ్రెరిక్స్."