పంటి డాక్టరు వచ్చిన రోజు

నలుగురు గర్భిణులను టొయోటాలో ఎక్కించుకుని వచ్చేసరికి కోరల్ చొక్కా వీపంతా తడిసిపోయింది. ఎడారిలోని ఆ ఆదివాసీ పల్లె క్లినిక్‌లో ఇరవై రెండేళ్లుగా ఆమె పని ఇదే: ఇల్లిల్లూ తిరగడం, బతిమాలడం, తిట్టడం, తీసుకురావడం. ఎర్రదుమ్ము పట్టిన పాదాలు, పైవరుసలో మిగిలినవి రెండే పళ్ళు. ఆ రెండింటితోనే అందరికీ పళ్ళ గురించి పాఠాలు చెబుతుంది.

ఆ నలుగురిలో ఒకతి ఆమె అక్క మనవరాలు. ఏడో నెల. చెంప వాచి ఒక కన్ను సగం మూసుకుపోయింది. ఆ అక్క పేరే పెట్టారు ఈ పిల్లకి. ఆ పేరు నేనిక్కడ రాయను.

"సూదిమందు బిడ్డకెక్కుద్దేమో అమ్మమ్మా."

"చీము ఎక్కితే మంచిదా? నోరు మూసుకుని కూర్చో. పిలిచాక తెరుద్దువుగానీ."

క్లినిక్ ముందాగిన పంటి డాక్టరు బండి మూడింటికి వెళ్ళిపోతుంది. మళ్ళీ వచ్చేది కాన్పయ్యాకే.

మధ్యాహ్నం పట్నం నుంచి కారొకటి వచ్చింది. ఆస్పత్రిలో ఉన్న అక్క తెల్లవారుజామున పోయిందట. కారులో వచ్చిన కోరల్ తమ్ముడు పేరు ఎత్తలేదు, "అక్క" అన్నాడంతే. ఆడవాళ్ళు గొల్లుమన్నారు. కోరల్ లేచింది, మళ్ళీ కూర్చుంది.

"పదవే, అందరూ శోకానికి కూర్చున్నారు," అన్నాడు తమ్ముడు.

"ఈ పిల్ల పన్ను చూపించి వస్తాన్రా."

"తోడబుట్టింది పోతే పన్నంటావేంటే!"

అప్పుడే బండి తలుపు తీసి, కొత్త నర్సు కాగితంలో ఉన్న పేరు గట్టిగా పిలిచింది. అందరూ తలలు దించేశారు. పోయినవాళ్ళ పేరు పలకకూడదు. ఆ పిల్ల కదల్లేదు. ఇక ఆ పేరు ఆమెది కాదు.

"రాలేదా? అయితే పేరు కొట్టేస్తున్నా."

"అట్టా పిలవొద్దమ్మా," అంది కోరల్.

"మరేమని పిలవను?"

"నపల్జారీ అను. అది దాని వర్గం పేరు, ఇంకా కొందరికీ అదే."

నర్సు అలాగే కేకేసింది. ముగ్గురు లేచారు, ఆ పిల్లా, ఇద్దరు ముసలమ్మలూ.

"నాకెందుకమ్మా, నాకసలు పళ్ళే లేవు!" అందొక ముసలమ్మ.

ఏడుస్తున్నవాళ్ళే పక్కున నవ్వారు. కోరల్ కూడా నవ్వి, వెంటనే సిగ్గుతో చచ్చిపోయింది. పిల్ల చెయ్యి పట్టుకుని తానే కుర్చీలో కూర్చోబెట్టింది. పన్ను ఊడేదాకా ఆ చెయ్యి వదల్లేదు.

"ఇక నన్నేమని పిలుస్తారమ్మమ్మా?" దూది కరుచుకునే అడిగింది పిల్ల.

అక్క కోసం అప్పటికిగాని కోరల్‌కు ఏడుపు రాలేదు. పిల్లను పొదివి పట్టుకుని తమ్ముడి కారెక్కింది.

పన్ను ఇద్దామని నర్సు పరుగున బయటికొచ్చింది. పిలవబోయి నోరు తెరిచి, అలాగే ఆగిపోయింది. కారు మలుపు తిరిగింది. ఆమె చేతిలో చిన్న సీసా, అందులో నెత్తురు ఆరని దవడ పన్ను, మూత మీది చీటీలో పేరు రాయాల్సిన చోటు ఖాళీ.