పటంలో పిల్ల

అయినా నవ్వే ముఖానికి లేని గిరాకీ ఏడ్చే ముఖానికి ఎందుకుండాలి అని చందాలాయన ఆలోచిస్తూ ఉండగానే బస్సు అతను దిగవలసిన స్టాపు దాటిపోయింది. ఇది కొత్తేమీ కాదు. తర్వాతి స్టాపులో దిగి వెనక్కి నడిచాడు. ఎదురొచ్చేవాళ్ళ ముఖాలు కాక కాళ్ళు చూస్తూ నడవడం ఉద్యోగంతో అంటుకున్న జబ్బు.

గిరాకీ ఉంది మరి, కాదనడానికి లేదు. ఒక ఏడాది, చందాలడిగే ఉత్తరాల మీద నవ్వుతున్న పిల్లవాడి ఫోటో వేయించాడు. ఆ ఏడాది విరాళాలు సగానికి పడిపోయాయి. ఒక దాత పనిగట్టుకుని ఫోన్ చేసి, "కుర్రాడు హుషారుగానే ఉన్నాడుగా, ఇంకేం కావాలయ్యా వాడికి?" అని అడిగాడు. మరుసటి ఏడు ఏడ్చే పిల్లే తిరిగి వచ్చింది. విరాళాలూ వచ్చాయి.

అతను పనిచేసేది కాలు పోగొట్టుకున్నవాళ్ళకి ఉచితంగా కాలు చేసిపెట్టే సంస్థలో. లోపలి హాలంతా వర్క్‌షాపు. అరల్లో ఎడమ కాళ్ళు ఒకపక్క, కుడి కాళ్ళు ఒకపక్క, ఎవరో పిలవగానే బయల్దేరడానికి సిద్ధంగా ఉన్నట్టు నిలబడి ఉంటాయి. ప్లాస్టర్ పొడి తలుపు సందుల్లోంచి వచ్చి అతని టీ కప్పు అంచున కూడా కూర్చుంటుంది. కాళ్ళు చేసేది మేస్త్రీ. వాటికయ్యే డబ్బు అడిగి తెచ్చేది ఇతను. విజిటింగ్ కార్డు మీద పొడుగాటి హోదా ఒకటుంది గాని, వాచ్‌మన్ దగ్గర్నుంచి డైరెక్టరు దాకా అందరికీ అతను చందాలాయనే.

అడగందే అమ్మైనా పెట్టదంటారు. అడిగాక ఏం చెయ్యాలో మాత్రం ఆ సామెత చెప్పదు. అడిగాక నోరు మూసుకోవాలి. విద్యంతా అంతే. మౌనం భరించలేక "మీకు వీలైనప్పుడే లెండి" అన్నావో, పని చెడిందన్నమాటే. ముందు నోరు విప్పినవాడిదే ఓటమి. చందాలాయన ఆ మౌనాన్ని ఎంతసేపైనా మోయగలడు. ఎదుటి మనిషి గుటక వెయ్యడం, చూపు బల్ల మీదికి దించడం, ఉన్నట్టుండి టీ తాగుతారా అని అడగడం, అన్నీ అతనికి ఎరుకే. ఆ కాసేపట్లో తనలో ఏం జరుగుతుందన్నది మాత్రం ఎప్పుడూ తరచి చూసుకోలేదు. చూసుకుంటే మళ్ళీ అడగలేనేమోనని భయం. భయమని కూడా అతను అనుకోలేదు, తీరిక లేదనుకున్నాడు.

ఆ విద్యని అతని మీదే ప్రయోగించింది రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి.

"సార్, ఈ పటం తీసేస్తారా?"

అడిగి ఊరుకుంది. పెన్ను మూత కూడా కదిలించలేదు.

ఆమె కుర్చీ వెనక గోడకి నిలువెత్తు పటం ఒకటి ఉంది. బెంచీ మీద కూర్చున్న చిన్నపిల్ల. మోకాలి కింద ఎడమ కాలు లేదు. పెదవులు వంకర తిరిగి, ముక్కు ఎర్రబడి, ఎవరినో బతిమాలుతున్నట్టు ఫోటో అంచు వైపు చూస్తూ ఏడుస్తోంది. దాని కింద, 'ఈ చిన్నారి తన తొలి అడుగు కోసం ఎదురుచూస్తోంది' అన్న వాక్యం. ఫోటో అతను ఉద్యోగంలో చేరకముందు తీసింది. వాక్యం అతనిది. ఆ పిల్ల ఈ అమ్మాయే. పెరిగింది, చదువుకుంది, పెరిగినప్పుడల్లా మేస్త్రీ దగ్గర కొత్త కాలికి కొలతిచ్చింది, చివరికి ఇక్కడే ఉద్యోగంలో చేరింది. పటంలో పిల్ల మాత్రం ఎదగలేదు. వచ్చేవాళ్ళు పటం చూసి అయ్యో అంటారు, కిందికి చూసి "డైరెక్టరు గారున్నారా?" అని ఆమెనే అడుగుతారు. ఇంతవరకూ ఒక్కరు కూడా పోల్చుకోలేదు.

"ఎందుకమ్మాయ్? బాగానే ఉందిగా?" అన్నాడు.

"నెత్తి మీద కూర్చుని ఏడుస్తోంది సార్. పొద్దస్తమానం."

మళ్ళీ ఊరుకుంది. ఆ మౌనం అతనికి బాగా తెలిసిన మౌనమే గాని, ఇటువైపు నుంచి ఇంత బరువుంటుందని తెలీదు. గుటక వేశాడు. చూపు బల్ల మీదికి దిగింది.

"చూద్దాం," అన్నాడు.

ఇది కిందటి ఎండాకాలం మాట. తర్వాత కూడా ఆమె అడిగింది, అతను చూద్దామన్నాడు. తీసెయ్యడానికి మేకు నుంచి తప్పించడం తప్ప పనేం లేదు. కానీ అది ఇంటికి పెద్దకొడుకు లాంటి పటం. దాని సంపాదన మీదే సంస్థ నడుస్తోంది. సంపాదించే కొడుకుని బయటికి పొమ్మని ఎవరంటారు?

ఇంట్లో అక్క ఈ వాదన ఒప్పుకోలేదు. అక్క కుట్టుమిషను మీద పిల్లల బట్టలు కుడుతుంది. తమ్ముడూ ఆమే ఉంటారు ఆ ఇంట్లో.

"ఒరేయ్, గౌను కుడితే లోపల రెండు మడతలు వదులుతానురా నేను, పిల్లలు పొడుగవుతారని. మీ ఆఫీసులో పెరగరా?"

"పెరుగుతారక్కా. ఉత్తరాల్లో పెరగరు."

"ఆ అమ్మాయి నోరు తెరిచి అడిగిందిగా. తీసి అవతల పెట్టరాదూ?"

"చూద్దాం."

"నీ చూద్దాం ఎత్తుకెళ్ళి గంగలో కలపా! పెళ్ళి చేసుకోరా అంటే చూద్దాం, పన్ను పీకించుకోరా అంటే చూద్దాం. ఊరందర్నీ అడిగి ఔననిపిస్తావు, నిన్నడిగితే ఔననవు, కాదనవు."

అతను దవడ తడుముకున్నాడు. ఆ పన్ను ఇంకా అలాగే ఉంది.

ఇంతలో ఒకరోజు, బూట్లావిడ వస్తున్నట్టు ఆఫీసుకి ఫోన్ వచ్చింది. ఆవిడ పెద్ద దాత. ఏటేటా విరాళంతో పాటు పటంలో పిల్లకని ఒక జత బూట్లు పంపుతుంది, ఏటేటా ఒకటే సైజు. సంస్థ వాటిని సరిపోయిన పిల్లకి తొడిగేది. 'మీరు పంపిన బూట్లు పాపకి చక్కగా సరిపోయాయి' అని చందాలాయన జవాబు రాసేవాడు. అబద్ధం కాదు. ఏ పాపకో రాయలేదు, అంతే. ఇప్పుడు ఆవిడ వర్క్‌షాపుకి కొత్త పొయ్యి కొనిస్తానంది. ప్లాస్టిక్ రేకుని మెత్తబరిచి కాలి ఆకారానికి తెచ్చే పొయ్యి అది. ఉన్నదాని తలుపు తాడుతో కట్టి ఉంది, మేస్త్రీ దాన్ని రోజూ ఇంటి ఆడపడుచుని బతిమాలినట్టు బతిమాలి వెలిగిస్తున్నాడు. కొనివ్వడానికి ముందు ఒక్కసారి ఆ పిల్ల తన బూట్లు వేసుకుని నడుస్తుంటే చూడాలని ఆవిడ కోరిక.

"ఇందులో కంగారేముందయ్యా," అన్నాడు డైరెక్టరు. "ఆ వయసు పిల్ల ఇవాళ కాలు బిగించే పట్టీ బాగుచేయించుకోడానికి వచ్చింది. దాన్ని చూపిద్దాం."

"ఆ పాపకి లేనిది కుడి కాలండీ. పటంలో ఎడమ."

"ఆవిడకి కుడీ ఎడమా గుర్తుంటాయా?"

"ఏళ్ళ తరబడి చూస్తున్నారండీ."

"అయితే అద్దంలో చూశాననుకుంటుంది." డైరెక్టరు చెడ్డవాడు కాడు. పొయ్యి చల్లారిపోతే వరుసలో ఉన్నవాళ్ళు ఎన్నాళ్ళు చంకకర్రల మీద ఉండాలో అతనికి తెలుసు. "ముందు కాలు లేకుండా కూర్చోబెడదాం. ఆవిడ చూస్తుంది. తర్వాత కాలు తొడుగుదాం, బూట్లు వేద్దాం, నడిపిద్దాం. అప్పుడు గాని ఆవిడకి తృప్తిగా ఉండదు. ఏమంటావు?"

చూద్దామండీ అన్నాడు చందాలాయన. ఆ మాటని డైరెక్టరు ఔననే లెక్క వేసుకున్నాడు. అందరూ అంతే వేసుకుంటారు.

వర్క్‌షాపులో పాప ఎత్తు బల్ల మీద కూర్చుని ఉంది. మేస్త్రీ పట్టీ బిగించి, "దిగి పరుగెత్తు చూద్దాం" అన్నాడు. పాప గది ఈ చివర నుంచి ఆ చివరకి పరుగెత్తి, గోడని ముట్టుకుని వచ్చింది. వాళ్ళ నాన్న చేతులు కట్టుకుని ఓ పక్కన నిలబడ్డాడు. ఊరికే వచ్చిన కాలు కాబట్టి ఏమడిగినా కాదనే హక్కు తనకి లేదన్నట్టుగా ఉంది అతని వాలకం. డైరెక్టరు సంగతి చెప్పాడు. మేస్త్రీ చేతిలో స్క్రూడ్రైవర్ కింద పెట్టి, పొయ్యి తలుపు తాడు సర్దడం మొదలుపెట్టాడు. సర్దవలసిందేమీ లేదు.

పట్టీ విప్పింది నాన్నే. కాలు తీసి, ఎవరికివ్వాలో తెలీక చందాలాయన చేతికిచ్చాడు. చిన్నది. లోపలి గుడ్డ ఇంకా వెచ్చగా ఉంది. ఇన్నేళ్ళలో ఎన్నో కాళ్ళకి డబ్బు తెచ్చాడు గాని, ఇప్పుడే విప్పిన కాలు చేత్తో పట్టుకోవడం అతనికి మొదటిసారి.

"రిసెప్షన్ బల్ల వెనకాల పెట్టిరా. కనబడకూడదు," అన్నాడు డైరెక్టరు.

"మళ్ళీ ఇస్తారా?" అంది పాప.

అడిగి ఊరుకుంది. పెదవులు ఒకవైపుకి జరగడం మొదలైంది. చందాలాయన కాలు చంకలో పెట్టుకుని బయటికి వచ్చేశాడు. ఆ పెదవుల్ని ఎక్కడో చూశానని నడవాలో నడుస్తుండగా అనిపించింది. ఎక్కడ చూశాడో తెలుసుకోవడానికి తలెత్తితే చాలు. ఎదురుగా గోడ మీదే ఉంది. కానీ తల ఎత్తడానికి ముందే బూట్లావిడ కనబడింది.

చెప్పిన వేళకన్నా ముందే వచ్చి, బెంచీ మీద కూర్చుంది. ఒళ్ళో బూట్ల పెట్టె. రిసెప్షన్ అమ్మాయి తెచ్చిచ్చిన మంచినీళ్ళు తాగుతూ, పటంకేసి చూస్తూ ఆమెతోనే చెబుతోంది: "ఎప్పుడూ ఏడుస్తూనే ఉంటుందేమిటమ్మా ఈ పిల్ల? ఏమేమో పంపిస్తూనే ఉంటాను. దానికి నచ్చడం లేదేమో అనుకుంటాను ఒక్కోసారి."

"నచ్చకేమండీ," అంది అమ్మాయి.

చందాలాయన కాలుని వీపు వెనక దాచుకోబోయాడు. కాలు దాచడం అంత తేలిక కాదు. పాదం పక్కనుంచి బయటికి వచ్చింది. ఇద్దరూ చూశారు.

"అదెవరి కాలు నాయనా?" అంది పెద్దావిడ.

అతనికి వెంటనే చెప్పగలిగిన జవాబులు చాలా ఉన్నాయి. మరమ్మతుకొచ్చిందనొచ్చు. నమూనా అనొచ్చు. బల్ల చుట్టూ తిరిగి వెళ్ళి దాని వెనక నేల మీద పెట్టబోతూ వంగాడు. అక్కడ అమ్మాయి కుర్చీ పక్కకి జరిపి చోటిచ్చింది.

"అవును సార్. ఇక్కడే," అంది మామూలుగా. "అప్పుడు నాదీ ఇక్కడే పెట్టారు."

వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.

"అప్పటికి నీకు కాలు..."

"ఉందిగా సార్. ఆ ముందు రోజే ఇచ్చారు. నిద్రపోయేటప్పుడు కూడా తియ్యనన్నాను. పొద్దున్నే ఫోటో అన్నారు, విప్పి పట్టుకుపోయారు." పటంలో పిల్ల చూపు ఎటుందో అటు గడ్డంతో చూపించింది. ఆ చూపు తిన్నగా ఈ బల్ల వెనక్కే ఉంది. "మళ్ళీ ఇవ్వరనుకున్నా."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదు సార్."

పెద్దావిడ పటం వైపు చూసింది, అమ్మాయి వైపు చూసింది, మళ్ళీ పటం వైపు చూసింది. బూట్ల పెట్టె మూత వేళ్ళతో నొక్కింది. ఈ మౌనం తను ఎన్నోసార్లు మోసినదానిలా లేదని చందాలాయనకి తెలిసింది. ఇందులో ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. అయినా జవాబు చెప్పవలసినవాడు తానే.

"ఇది లోపలున్న పాపదండీ," అన్నాడు పెద్దావిడతో. "ఇచ్చేసి వస్తాను."

నడవా పొడుగునా కాలుని రెండు చేతులా పట్టుకుని వెళ్ళాడు. లోపల డైరెక్టరు, "ఏమయ్యా, వెనక్కి తెచ్చావేం? వచ్చేసిందా ఆవిడ?" అన్నాడు. "వచ్చారండీ. చూసేశారు," అన్నాడు చందాలాయన. ఏం చూసిందో డైరెక్టరు అడగలేదు; మొదటిసారి అతని మాటలో చూద్దాం లేకపోవడంతో ఏం లెక్క వేసుకోవాలో తెలీక నిలబడిపోయాడు. చందాలాయన కాలుని పాప ఒళ్ళో పెట్టాడు. పాప నాన్న కోసం ఆగకుండా తనే తొడుక్కుని, పట్టీ తనే బిగించుకుంది. మేస్త్రీ పొయ్యి దగ్గర్నుంచి కదలకుండా, "ఇంకొక్క కన్నం బిగువుగా లాగు," అన్నాడు.

తిరిగి వచ్చేసరికి బూట్లావిడ అలాగే కూర్చుని ఉంది. వెళ్ళిపోలేదు. పొయ్యి ఊసూ ఎత్తలేదు. "అమ్మాయ్, నీ కాలి సైజెంత ఇప్పుడు?" అని అడుగుతోంది. "ఇవి పట్టవు లెండి," అంటోంది అమ్మాయి, నవ్వు ఆపుకుంటూ. "లోపలి పాపకి పడతాయేమో చూడండి."

చందాలాయన గోడ దగ్గరున్న చెక్క కుర్చీని పటం కిందికి ఈడ్చాడు. ఒక కాలు పొట్టి దానికి, ఎవరూ బాగుచేయలేదు. చెప్పులు విడిచి ఎక్కాడు. కుర్చీ ఊగింది.

"చూసుకో నాయనా, పడతావు," అంటూ పెద్దావిడ లేచి వచ్చి, బూట్ల పెట్టె చంకలో పెట్టుకుని కుర్చీ వీపు పట్టుకుంది.

అతను పటాన్ని రెండు చేతులా పైకెత్తి మేకు నుంచి తప్పించాడు.