జేబులో పరాయి మనసు

నవ్వకండి. చిన్నపిల్లల ఇష్టాలంటే మీకెప్పుడూ వేళాకోళమే. పక్కింటివాళ్ల చెప్పు మీ గుమ్మంలో కనిపిస్తే తీసుకెళ్లి ఇచ్చేస్తారు కదా, పక్కింటి పిల్లాడి మనసు దొరికితే ఎందుకివ్వరు? పెత్తనం అనే పిల్ల కూడా ఇవ్వలేదు.

పెత్తనం అంటే ఒక మేడ మూడో అంతస్తులో బట్టలు కుట్టే ఆవిడ కూతురు. పదకొండేళ్లది. ఆటలో ఎవరు దొంగో, ఎవరు అవుటో అన్నీ తనే తేల్చేది కాబట్టి పిల్లలు ఆ పేరు పెట్టారు. బడికి వెళ్లేముందు మెట్లు ఊడవడం ఆమె పని. ఆ మెట్ల మీద పిల్లల మనసులు పడి ఉండడం మామూలే. అక్కడి పిల్లలు మనసు పారేసుకున్నారంటే నిజంగానే పారేసుకునేవారు. గోలీ అంత ఉండేది, అప్పుడే ఇస్త్రీ చేసిన గుడ్డలా వెచ్చగా. దొరికినవాళ్లు దుమ్ము తుడిచి, "ఇదిగోనమ్మా, మీవాడిది. మళ్లీ మా గుమ్మంలోనే" అని ఇచ్చిపోయేవారు. తల్లులు నాలుగు తిట్లు తిట్టి, తిరిగి పెట్టేసేవారు.

ఒక పొద్దున పెత్తనానికి బన్నుగాడి మనసు దొరికింది. బన్ను కింది బేకరీ అతని కొడుకు. ఆ మనసుకి పిండి అంటుకుని ఉంది కాబట్టి వాడిదేనన్నదాంట్లో అనుమానం లేదు. దొరికింది మాత్రం రెండో అంతస్తులో, కొత్తగా దిగినవాళ్ల అమ్మాయి గుమ్మం ముందు.

పెత్తనానికి ఒళ్లు మండింది. ఇన్నాళ్లూ వాడు అవుటైనా కాలేదని దబాయించి కాపాడింది ఎవరు? దాన్ని గౌను జేబులో వేసుకుని, పైన కుట్టు వేసేసింది. తన దగ్గరుంటే తనకే అలవాటు పడుతుందనుకుంది.

సాయంత్రం వాణ్ణి మెట్ల దగ్గర పట్టుకుంది.

"ఒరేయ్, నేనంటే నీకిష్టమేనా?"

"ఇష్టమే."

ఆమె మొహం విప్పారింది. "మరి ఆ కొత్తమ్మాయి?"

"ఇష్టమే."

"లెక్కల మాస్టారు?"

"ఆయనా ఇష్టమే."

"నిన్న చెవి మెలిపెట్టాడు కదరా."

"మెలిపెడితే ఏం? ఇంకో చెవుంది."

ఆటకి పిలిస్తే వచ్చేవాడు. నిలబడమన్నచోట నిలబడేవాడు. నవ్వేవాడు కాదు. పొయ్యిలోంచి తీసిన మొదటి బన్ను తండ్రి చేతిలో పెడితే, "తినాలని మనసు లేదు నాన్నా" అనేవాడు.

చివరికి ఆ తండ్రి పిండి చేతులతోనే మూడో అంతస్తు ఎక్కాడు.

"అమ్మాయ్, మెట్లు ఊడ్చేది నువ్వే కదా. మావాడిది ఏమైనా కనిపించిందా? పొయ్యి పక్కనే కూర్చుని చలేస్తోందంటున్నాడు."

"లేదు బాబాయ్."

"కనిపిస్తే కాస్త చెప్పు తల్లీ" అని, ఆమెకోసం తెచ్చిన వేడి బన్ను చేతిలో పెట్టి దిగిపోయాడు.

పెత్తనం దాన్ని కొరక్కుండానే పక్కన పెట్టేసింది. కత్తెర తీసుకుని జేబు కుట్లు విప్పింది. లోపల ఒకటి కాదు, రెండున్నాయి. తనది ఎప్పుడు జారిందో తనకే తెలియదు. ట్రేలో ఆనుకుని కాలిన బన్నుల్లా రెండూ అతుక్కుపోయాయి. లాగింది. వాడిదానికి ఆమెది చిటికెడు అంటుకుని ఊడివచ్చింది. ఎంత గిల్లినా ఆ చిటికెడు రాలేదు.

అలాగే తీసుకెళ్లి ఇచ్చింది.

"ఎక్కడ దొరికింది?" అన్నాడు బన్ను.

"నా జేబులో. నేనే దాచాను."

"ఎందుకు?"

ఆమె గౌను అంచు మెలిపెడుతూ నిలబడింది. "ఊరికే. వెచ్చగా ఉందని."

వాడు మనసు పెట్టుకున్నాడు. బుగ్గలు ఎర్రబడ్డాయి. ఒక్క పరుగున రెండో అంతస్తుకి వెళ్లి కొత్తమ్మాయిని ఆటకి పిలిచాడు.

పెత్తనం మనసు తిరిగి పెడుతూ తల్లి, "కాస్త తక్కువుందేమే?" అంది.

"ఉండనీ అమ్మా."

తర్వాత అందరూ పెద్దవాళ్లయ్యారు. బన్నూ, కొత్తమ్మాయీ ఆ బేకరీలోనే ఉన్నారు. పెత్తనం పెళ్లి చేసుకుని దూరంగా ఇంకో ఊరు వెళ్లిపోయింది. అక్కడ కుట్టుమిషను మీద ఆమె కాలు అప్పుడప్పుడూ ఆగిపోతుంది. గుండెల్లో వెచ్చబడి, ఉన్నట్టుండి నవ్వు వస్తుంది. "ఏమిటే అంత సంతోషం?" అంటాడు భర్త.

ఎక్కడో బన్నుగాడికి ఏదో మంచి జరిగిందని మాత్రం ఆమెకి తెలుస్తుంది. ఏమిటన్నది ఏనాటికీ తెలియదు.