ఉపగ్రహానికి ఎంగిలి

మన ఉపగ్రహం బొమ్మతో కొత్త స్టాంపులు 2000వ సంవత్సరంలో పెనుకొండ పోస్టాఫీసుకు వచ్చాయి. కౌంటర్‌లో కూర్చునే నాకు వాటిని చూస్తేనే ఛాతీ ఉబ్బేది. మొదటి స్టాంపు తిప్పమ్మవ్వకు చించాను. కదిరిలోని కూతురికి కవరు పంపుతోంది.

"ఇదేం బొమ్మప్పా?"

"ఉపగ్రహం అవ్వా. ఆకాశంలో తిరుగుతాది. మనోళ్లే చేసి పంపినారు."

అలవాటుగా స్టాంపును నాలుకకు తాకించాను. అవ్వ నా చెయ్యి పట్టుకుంది.

"గ్రహాన్ని ఎంగిలి చేస్తాండావే? గుళ్లో తొమ్మిది గ్రహాల సుట్టూ తడిగుడ్డలతో తిరుగుతాము మేము."

గ్రహం వేరు, ఉపగ్రహం వేరని ఎంత చెప్పినా వినలేదు. వెనక క్యూ పెరుగుతోంది. నాకు ఒళ్లు మండింది. ఇంకో స్టాంపు చించి, కుండలో నీళ్లతో తడిపి ఇచ్చాను. అవ్వ దాన్ని అంటించి, కవరును కళ్లకద్దుకుని నా ముందు పెట్టింది.

విసురుగా తేదీ ముద్ర ఎత్తాను.

"మనోళ్లే చేసినారంటివి కదప్పా," అంది అవ్వ. "అంత గట్టిగా కొట్టల్లా?"

ముద్రను స్టాంపు మూలకు మెల్లగా ఆన్చాను. ఉపగ్రహానికి సిరా అంటలేదు.