అంజవ్వ జామకాయల బండి

నేను ఒక తోపుడు బండిని. సైకిల్ చక్రాలు నాలుగు, వాటి మీద వేపచెక్క పలకలు, ఇంతే నా ఒళ్లు. వెల్డింగ్ షాపులో రోజంతా కూర్చుని నన్ను చేయించుకున్నవాడు బాలనర్సు. పాత బజారు మూలమీద జామకాయలమ్మేవాడు.

ఓ సాయంత్రం ఆ బజారులో బాంబు పేలింది. దేశమంతా ఉలిక్కిపడింది. పోయినవాళ్లలో బాలనర్సు ఒకడు. నాకు చక్రం ఊడింది. సాక్ష్యం అంటూ నా పలక మీద తెల్లరంగుతో కేసు నంబరు రాసి, పోలీస్ స్టేషన్ వెనక పడేశారు. ఏళ్లు గడిచాయి. నన్నెవరూ ఒక్క మాట అడగలేదు. మనుషులకు సాక్ష్యం కావాలి గానీ, అది చెప్పేది వినే తీరిక ఉండదు. జహంగీర్ అనే కానిస్టేబుల్ మాత్రం రోజూ నా మీదే డబ్బా విప్పుకుని అన్నం తినేవాడు.

కేసు ముగిశాక బాలనర్సు భార్య అంజవ్వ వచ్చింది. తుక్కుకు అమ్ముకోమన్నారు. వినలేదు. కొత్త చక్రం వేయించి, మళ్లీ అదే మూలమీద నన్ను నిలబెట్టింది.

ఈ ఏడు బాంబు పేలిన తారీఖున మంత్రిగారు నివాళికి వస్తున్నారని బళ్లన్నీ తీయించారు. అంజవ్వ కదల్లేదు. కదిలించడానికి వచ్చింది ఎవరనుకున్నారు? జహంగీరే! ఊళ్లన్నీ తిరిగి, హెడ్ కానిస్టేబులై, ఆ వారమే ఇక్కడికి బదిలీ అయి వచ్చాడట. లాఠీ ఎత్తినవాడు నా మీద వెలిసిపోయిన అంకెలు చూసి ఆగిపోయాడు.

"ఈ బండి..."

"మా ఆయనది సారూ. ఈడ్నే పోయిండు."

"ఒక్క గంట పక్కకు జరుగమ్మా. పెద్దసారు నన్ను తిడ్తడు."

"బాంబు పెట్టినోళ్లు గూడ ఈ మూల ఖాళీ గావాలనే సూసిండ్రు. మీరు గూడ గదే అంటరా?"

జహంగీర్ లాఠీ దించాడు.

మంత్రిగారు దండ వేశారు. మైకులో రెండు నిమిషాల మౌనం అన్నారు. బజారంతా తలలు వంచింది. అంజవ్వ నన్ను రెండు చేతులా పట్టుకుంది. ఒక్కసారిగా గొంతెత్తింది.

"జామకాయలూ! తియ్యటి జామకాయలూ!"

అందరూ తిరిగి చూశారు. పెద్దసారు పళ్లు కొరుకుతూ జహంగీర్‌కు సైగ చేశాడు, నోరు మూయించమని.

"మా ఆయన గొంతు వాళ్లు మూసిండ్రు," అంది అంజవ్వ, కళ్లనీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా. "నా గొంతు నేనెందుకు మూసుకోవాలె?"

జహంగీర్ నడిచొచ్చాడు. నా ముందు నిలబడ్డాడు. టోపీ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"అరకిలో తూకం వెయ్యమ్మా," అన్నాడు, అందరికీ వినబడేలా.

సందులోంచి ఎవరో "గాజులమ్మా, గాజులూ" అని అందుకున్నారు. ఆ వెనక మల్లెపూలు, ఆ వెనక చాయ్. మంత్రిగారి కారు వెళ్లేసరికి బజారు బజారులా మోగుతోంది.

సాయంత్రం సభవాళ్లు మిగిలిపోయిన దండ తెచ్చి, అమరుడి బండి కదా అని నా మెడలో వేయబోయారు. అంజవ్వ అడ్డంగా చెయ్యి పెట్టింది.

"దండలు పోయినోళ్లకెయ్యుండ్రి. దీనికి రేపు బోణీ ఉంది."