గంట ముందు నడిచిన గడియారం

నేను ఒక చేతి గడియారాన్ని. బ్యాటరీ మింగి బతికే రకం కాదు, రోజూ పొద్దున్నే కీ ఇస్తేనే నడిచే పాతకాలపు దాన్ని. ఇప్పుడు ఆ నడక కూడా మానేశాను. గోదావరి మధ్యలో ఉన్న ఒక లంకలో, పెంకుటింటి కిటికీ గూట్లో, గుండీలూ పిన్నీసులూ వేసిన గాజు సీసాలో పడి ఉన్నాను. ఇక్కడికి అరుగు బాగా కనిపిస్తుంది. అరుగు మీద కూచునే వాళ్ళ గొప్పలు ఇంకా బాగా వినిపిస్తాయి.

ఎక్కడో దూరాన ఒక కర్మాగారంలో, కంటికి భూతద్దం తగిలించుకున్న ఆడపిల్లలు సన్నటి పట్టకార్లతో నా చక్రాలను ఒక్కొక్కటీ కూర్చారు. పది రోజులు పరీక్ష చేశారు. నిమిషం తేడా లేదని తేలాక బయటికి పంపారు. అంత కష్టపడి నాకు నిజం చెప్పడం నేర్పించి, తీసుకొచ్చి మనుషుల చేతికిచ్చారు. వాళ్ళ తెలివి అంతే.

నా మొదటి యజమాని ఒక డ్రిల్లు మాస్టారు. ఐదు నిమిషాలు ఆలస్యంగా వచ్చిన పిల్లల్ని నన్ను చూపించి ఎండలో నిలబెట్టేవాడు. వాళ్ళు ఎండలో ఉన్నంతసేపూ తాను టీ కొట్టు దగ్గర ఉండేవాడు. ఆయన తరవాత కాలవ లాకుల దగ్గర పనిచేసే ఉద్యోగి చేతికి వెళ్ళాను. ఆయనకు నాలో ఒంటిగంట తప్ప ఇంకో గంట ఉందని తెలియదు. ఆ ఒంటిగంటకు భోజనం వస్తుంది మరి. ఆయన కూతురి పెళ్ళికి మండపం నిండా బంతిపూలు కట్టిన గంగరాజుకు, సంతోషం పట్టలేక, నన్ను చేతికి తొడిగి పంపించేశాడు.

గంగరాజు లంకలో బంతి, చామంతి పండిస్తాడు. పూలు మార్కెట్టుకు చేరాలంటే రేవు దాటించే పంటి అనే పెద్ద పడవ ఎక్కాలి. మొదటి పంటి ఆరున్నరకు కదులుతుంది. ఆ తరవాత వచ్చే దానికి టైమంటూ లేదు, అవతలి ఒడ్డున జనం నిండితే వస్తుంది, లేకపోతే లేదు. గంగరాజుకు ఆ ఆరున్నర పంటి వారానికి రెండుసార్లు తప్పిపోయేది. త్వరగా లేవడం అనే ఉపాయం ఆయనకు తోచలేదు. నా ముల్లును పది నిమిషాలు ముందుకు తిప్పాడు. మర్నాటి నుంచి, ‘పది నిమిషాలు ముందుంది కదా’ అని ఇంకో పది నిమిషాలు పడుకున్నాడు. ఇరవై చేశాడు. ఇరవై నిమిషాలూ పడుకున్నాడు. అలా తిప్పి తిప్పి చివరికి నిండా ఒక గంట చేశాడు. ఆయన ఎవరిని మోసం చేస్తున్నాడో ఆయనకే తెలియదు. నేను గంట ముందు నడుస్తానన్న సంగతి ఆయనకూ, ఆయన భార్య నూకరత్నానికీ తప్ప ఇంకెవరికీ తెలియదు.

శ్రావణంలో ఒక తెల్లవారుజామున, వాన కురుస్తుండగా, గంగరాజు అరుగు మీద పూలబుట్టకు గోనెపట్టా కడుతున్నాడు. తాడు ముడి వేస్తున్న కుడిచెయ్యి సగంలో ఆగిపోయింది. నోరు ఒక పక్కకు పోయింది. మనిషి బుట్ట మీదికే ఒరిగిపోయాడు. అప్పుడు టైము సరిగ్గా ఆరు. నా ముఖం మీద ఏడు.

నూకరత్నం కేకకు పక్కవాటాలో ఉండే గంగరాజు అన్న వీరభద్రం పరుగెత్తుకొచ్చాడు. రాత్రంతా కరెంటు లేదు. మనుషులు చేతిలోంచి దించని ఫోన్లన్నీ చచ్చిపడి ఉన్నాయి. కాబట్టి నన్ను చూశాడు.

“ఏడైపోయింది. ఆరున్నర పంటి ఎప్పుడో పోయుంటది” అన్నాడు. తరవాత గోడ మీది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి వేలు పెట్టి వెతికాడు. తమ్ముడి ప్రాణం ఆ గళ్ళలో ఎక్కడో ఉన్నట్టు వెతికాడు. “పైగా ఎనిమిదిన్నర దాకా వర్జ్యం. వర్జ్యంలో రోగిని గడప దాటించకూడదు. అది వెళ్ళాక బయల్దేరదాం.”

నూకరత్నం తలుపు చాటున నిలబడి ఉంది. పెళ్ళయి పదహారేళ్ళయినా ఆవిడ బావగారి ఎదుట నోరు విప్పలేదు. విప్పకపోవడమే మర్యాద అని అందరూ మెచ్చుకునేవారు. పంటి ఇంకా రేవులోనే ఉందని ఆవిడకు తెలుసు. “ఇంకా ఆరేనండి” అంది. తలుపుతో అంది.

“ఏంటమ్మా గొణుగుతున్నావు? లోపలికెళ్ళి నీళ్ళు కాచి కాపడం పెట్టు” అన్నాడు వీరభద్రం.

ఆవిడ లోపలికి వెళ్ళింది. ఆరున్నరకు పంటి కూత ఇంటిదాకా వినిపించింది. అది రెండో పంటి కూత అనుకున్నాడు పెద్దమనిషి.

నా ముల్లు ఎనిమిదిన్నర మీదికి రాగానే గంగరాజును మంచంతో సహా ఎత్తారు. నిజానికి అప్పుడు ఏడున్నర. అంటే వర్జ్యం ఇంకో గంట ఉంది. నిక్షేపంలాంటి వర్జ్యంలోనే గడప దాటారు. పంచాంగం ఏమీ అనలేదు.

వరద నీటికి చిన్న పడవలు కట్టేశారు. పంటి అవతలి ఒడ్డు నుంచి వచ్చేసరికి వానంతా నా అద్దం కిందికి దిగింది. మొదట వెళ్ళిన చిన్న ఆసుపత్రిలో స్కానింగు లేదన్నారు. పట్నంలో పెద్దాసుపత్రికి చేరి, స్కానింగు అయ్యేసరికి గోడ గడియారం పదకొండు చూపించింది. గంగరాజు గొట్టాల మధ్య పడుకుని ఉన్నాడు. నర్సు నన్ను విప్పి నూకరత్నం చేతిలో పెట్టింది.

డాక్టరు ఒక చిన్న వయసు అమ్మాయి. “ఎన్నింటికి మొదలైంది? సరిగ్గా చెప్పండి” అంది.

“సరిగ్గా ఏడింటికండి. వాడి చేతి గడియారంలో నా కళ్ళతో చూశానండి” అన్నాడు వీరభద్రం.

“అయితే నాలుగు గంటలైంది. మెదడులో రక్తం గడ్డకట్టింది. దాన్ని కరిగించే ఇంజెక్షన్ ఉంది, నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. దాటాక ఇస్తే మెదడులో రక్తం కారి మనిషే పోవచ్చు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను. ఏడేనా?”

“ఏడేనండి, రాసేసుకోండి.”

“భార్య ఎవరు? ఇక్కడ సంతకం పెట్టండి.”

నూకరత్నం ఒక చేతిలో కలం, ఇంకో చేతిలో నేను. గోడ మీద పదకొండు. నా ముఖం మీద పన్నెండు. మాట్లాడితే మొగుడికి ఆ మందు ఉండదు. మాట్లాడకపోతే ఆ మందే అతన్ని తీసుకుపోవచ్చు. ఆవిడ వేళ్ళు నా పట్టీని నలిపేస్తున్నాయి. నిజం చెప్పడానికే నన్ను చేశారు. ఆ నిమిషాన నేను చేయగలిగింది టిక్కు టిక్కుమనడం ఒక్కటే.

“డాక్టరమ్మగారండీ, ఏడు కాదండి” అంది. ఈసారి తలుపు చాటు లేదు. “ఆరింటికి పడ్డారండి.”

“ఏయ్ అమ్మాయ్! మతి పోయిందా?” వీరభద్రం అరిచాడు. “బతికించే మందు ఇస్తామంటుంటే అడ్డుపడతావా? నోరు మూసుకుని సంతకం పెట్టు!”

“ఇది గంట ముందుంటదండి. పంటి కోసం ఆయనే తిప్పుకున్నారు. చూడండి, పన్నెండు చూపిస్తోంది” అని నన్ను చాచింది.

డాక్టరు నన్ను చూసింది, గోడను చూసింది. కాగితం వెనక్కి తీసుకుంది. “ఐదు గంటలు. ఇంజెక్షన్ ఇవ్వకూడదు. వేరే మందులు మొదలుపెడతాం, కానీ కోలుకోవడం నెమ్మది” అంది. వెళ్ళబోతూ ఆగి, “మంచి పని చేశారమ్మా” అంది. ఆ మాట వినే ఓపిక వీరభద్రానికి లేదు. అప్పటికే వరండాలో ఉన్న చుట్టాలకు చెప్పేస్తున్నాడు: “చేతులారా మొగుడి మందు పోగొట్టుకుంది.”

ఆసుపత్రిలో తొమ్మిది రోజులు. నూకరత్నం రెండు గంటలకోసారి మొగుణ్ణి పక్కకు తిప్పేది, వీపు తుడిచేది, మూత నిండా నీళ్ళు కూడా మింగలేని మనిషికి చెంచా అంచుతో పెదవులు తడిపేది. పలకరించడానికి వచ్చిన వాళ్ళు మింగలేని మనిషి కోసం యాపిల్ పళ్ళు తెచ్చారు. మంచం మీద కూచుని, ఎలా పడ్డాడో ఆవిడతో మొదటి నుంచి చెప్పించుకున్నారు. చెప్పడం అయ్యాక, “ఆ మాట అనకుండా ఉండాల్సింది” అని లేచి వెళ్ళారు. అలా ఎంతమంది చెప్పించుకున్నారో లెక్కపెట్టేలోపే, మూడో రోజున, లోపలి నీళ్ళకు తుప్పుపట్టి, కీ ఇచ్చే చెయ్యి కూడా లేక నేను ఆగిపోయాను. ఎవరూ గమనించలేదు. ఆరో రోజున గంగరాజు ఎడమచేత్తో భార్య కొంగు పట్టుకున్నాడు. ఆ సంగతి నూకరత్నం ఎవరికీ చెప్పలేదు. ఎవరూ అడగలేదు కూడా.

ఇంటికొచ్చి వారమైంది. గంగరాజు కుడిచెయ్యి ఇంకా ఒళ్ళోనే ఉంటుంది, మాటలు ముక్కలుగా వస్తాయి. నిన్న సాయంత్రం అతన్ని అరుగు మీద గోడకు ఆనించి కూచోబెట్టారు. పక్కన వీరభద్రం. చూడటానికి వచ్చిన మంగాయమ్మ అనే ముసలావిడ ఎదురుగా.

“నేను లేకపోతే తమ్ముడు దక్కేవాడా పిన్నీ? ఉన్నపళంగా మంచంతో ఎత్తించాను” అన్నాడు వీరభద్రం. “ఆ ఇంజెక్షన్ కూడా పడుంటే ఈపాటికి చెయ్యి లేచేది. ఏం చేస్తాం, కొందరికి నోరు ఆగదు.”

“అదేంటే నూకరత్నం, అలా ఎందుకు చేశావే?” అంది మంగాయమ్మ లోపలికి చూసి.

నూకరత్నం కాఫీ గ్లాసులతో బయటికి వచ్చింది. ఎప్పుడూ గడప లోపలి నుంచే అందించేది. ఒక గ్లాసు మంగాయమ్మకు ఇచ్చింది. రెండోది బావగారి ముందు పెట్టింది.

“ఆయన ఆరింటికి పడ్డారు పిన్నిగారూ. ఆరున్నర పంటి రేవులోనే ఉంది. బావగారు ఏడన్నారు, వర్జ్యం అన్నారు, గంటన్నర కూచోబెట్టారు. నాకు తెలిసి కూడా గొణిగి ఊరుకున్నాను. నా తప్పు నేను చెప్పాను. బావగారూ, మీది మీరు చెప్పండి.”

వీరభద్రం కాఫీ గబుక్కున తాగి నాలుక కాల్చుకున్నాడు. మంగాయమ్మ అతని వైపే చూస్తోంది. అతను మాత్రం వీధిలో పోతున్న గేదెను చాలా శ్రద్ధగా చూశాడు.

గంగరాజు గొంతులోంచి ఏదో శబ్దం వచ్చింది. ఏడుపేమో అని నూకరత్నం వంగింది. నవ్వు. ఎడమచేత్తో తనకూ అన్నకూ మధ్యనున్న అరుగును రెండుసార్లు తట్టాడు.

“కూ... కూచో.”

బావగారు కూచున్న చోట ఆవిడ ఎప్పుడూ కూచోలేదు. ఒక్క క్షణం నిలబడింది. తరవాత చీర కుచ్చెళ్ళు సర్దుకుని, ఇద్దరి మధ్యా కూచుంది. వీరభద్రం తన కండువా లాక్కుని కొంచెం పక్కకు జరిగాడు.