తోమిన చేతి పేరు

తెల్లారితే బూడిదా చింతపండూ ముందేసుకుని అంట్లు తోమడం పార్వతమ్మకు పదకొండేళ్ల అలవాటు. లింగాల దగ్గరి ఆ ఊళ్లో గిన్నెల మీద పేర్లు కొట్టించే పని లేదు. ఎవరు ఎక్కువసార్లు తోమితే వాళ్ల పేరు ఇత్తడి మీదైనా ఇనుము మీదైనా దానంతట అదే తేలుతుంది. కోడలొచ్చిన ఇంట్లో అత్త పేరు మెల్లగా చెరిగిపోతుంది.

ఆ రోజు ఆమె తోమలేదు, సర్దుకుంది. తన తమ్ముడు అవతల పార్టీలో చేరినప్పటి నుంచి మొగుడు ఆదినారాయణ ఆమె కూర్చున్నా లేచినా అనుమానంగానే చూస్తున్నాడు. విడాకులకు పులివెందుల కోర్టులో కాగితాలు వేశారు. సామాన్ల దగ్గర రెండు పార్టీలూ కొట్టుకోకుండా హెడ్ కానిస్టేబుల్ షంషుద్దీన్ వచ్చి వాకిట్లో కూర్చున్నాడు.

"నీ పేరుండేవన్నీ ఎత్తకపో. ఒక్క గరిటె కూడా నాకొద్దు," అన్నాడు ఆదినారాయణ.

ఆ మెత్తదనమే పార్వతమ్మకు కొత్తగా తోచింది. మంచినీళ్ల చెంబైనా ఎత్తి ఎరగని మనిషి, ఆమె బియ్యం పోసిన గంగాళాన్ని తనే మోసుకొచ్చి ఆటో పక్కన దించాడు.

"ఇంగ పంపించండి సార్, ఎండ ముదురుతాంది."

"నీకేందిరా తొందర?" అంది అత్త పెద్దసుబ్బమ్మ. "నా దబరా గిన్నె గూడా కట్టుకుందేమో చూడనీ. ఏమ్మే, మూటలిప్పు!"

"చూసుకో అత్తా. పదకొండేళ్లలో నువ్వేం తోమినావని నీ పేరుంటాది?"

షంషుద్దీన్ నవ్వాపుకున్నాడు.

"ఇది గూడా చూడండి సార్. నేను పోసిన బియ్యం ఇంత ఎత్తు లేవు," అంటూ పార్వతమ్మ గంగాళాన్ని వంచేసింది. బియ్యంతో పాటు తువ్వాలు చుట్టిన వేటకొడవలి జారిపడింది. పోయిన నెల ఖూనీ జరిగిన నాటి నుంచి పోలీసులు వెతుకుతున్నది దాన్నే.

"అవతలోళ్ల కోసం ఈడ దాస్తాండావా?" అని అరిచాడు ఆదినారాయణ. "పేరు చూడండి సార్! ఈ ఇంట్లో అన్నీ తోమేది అదే!"

తోమేది ఎవరో ఏనాడూ తిరిగి చూడని మనిషి. షంషుద్దీన్ తవుడు తుడిచి చదివాడు.

"పెద్దసుబ్బమ్మ."

కోడలి కంట పడకూడదని ఆ కొడవలిని ప్రతిసారీ అత్తే దొడ్లో తోముతూ వచ్చింది.

ఆదినారాయణ తల్లి చెవి దగ్గర వంగాడు. "నీదేనని చెప్పుమా. ముసలిదానివి, బెయిలిస్తారు."

పెద్దసుబ్బమ్మ కొడుకును పక్కకు నెట్టి షంషుద్దీన్ వైపు తిరిగింది.

"తోమింది నేనే సార్. తెచ్చిచ్చింది ఈడు. రాసుకో. స్టేషన్లోనైనా ఇదే మాట."

పార్వతమ్మ ఆటోలో మూటలు పక్కకు జరిపి, అత్తకు చోటు చేసింది.